దాతలకు మనవి: ఫ్లెక్సీ కాస్త పెద్దది వేయించండి

హన్మకొండలో బీరువాలు సర్దే కాలం, మనసులు కరిగే కాలం ఒకటే. దసరాకు ఇల్లు దులపగానే ములుగు, ఏటూరునాగారం అడవుల్లో తలదాచుకుంటున్న గుత్తికోయ ఆదివాసీలు గుర్తుకొస్తారు. 2005 జూన్‌లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సాయుధ దళాలు దిగిన సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ ఊళ్లు వదిలి గోదావరి దాటి వచ్చిన కుటుంబాలవి.

వాళ్లను శరణార్థులని మాత్రం అనకండి, చట్టం నొచ్చుకుంటుంది. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దేశం దాటితేనే శరణార్థి. దానిమీద మన దేశం సంతకమే పెట్టలేదు గనుక, నిజంగా దేశం దాటొచ్చి హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలకూ ఐక్యరాజ్యసమితి ఇచ్చే కార్డే దిక్కు. గుత్తికోయలకు అదీ లేదు. పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే సాగులో ఉండాలి. అంటే ఆర్నెల్లలో పారిపోయి, అడవి కొట్టి, దున్ని, రుజువులు కూడా దాచుకోవాల్సింది. అంత ముందుచూపు లేకపోయింది పాపం. కాబట్టి ఇక దాతలే దిక్కు.

ముందు బట్టలు. బస్తాలో పైన ఒక మంచి చీర ఉండాలి, ఫొటోలో పడేది అదే. కింద జీన్సులు, పెళ్లినాటి షేర్వానీ, జత తప్పిన సాక్సు. ఆరీ ఆరకముందే మూట కడితే మూడో రోజుకు బూజు. సైజులు వేరుచేయం గనుక అక్కడ మొత్తం నేలమీద గుమ్మరిస్తారు.

మందుల దానం ఇంకా ఘనం. వాడగా మిగిలిన నాలుగు గోలీల ముక్క కత్తిరించి ఇస్తాం. గడువు తేదీ ఉన్న కొస ఎప్పుడో చెత్తబుట్టకు పోయింది. దానమిచ్చే మందు చేరేనాటికి ఇంకా ఏడాదైనా గడువుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. వాళ్లకు మన సెంటిమెంట్లు ఏం తెలుసు!

ఇక బోరింగు. ఒక చేతిపంపుకు 500 మందికి మించకూడదు, మనిషికి రోజుకు 15 లీటర్లకు తగ్గకూడదు అని సహాయ సంస్థల లెక్క. హ్యాండిల్ ఎంత కొట్టినా నీళ్లు పైకి రాకపోతే, చాలాసార్లు అడుగున సిలిండర్‌లో వాషర్లు అరిగిపోయి ఉంటాయి. మూడేసి మీటర్ల పైపులు ఒక్కొక్కటే లాగి, వాషర్లు మార్చి, మళ్లీ దించాలి. పూట పని. కానీ వాషర్ మీద ‘కీర్తిశేషుల జ్ఞాపకార్థం’ అని చెక్కించేంత జాగా ఉండదు గదా! అందుకే వాటర్ బాటిళ్లు పంచుతాం.

బియ్యం సంగతి సరే. 25 కిలోల బస్తా, మనిషికి అరకిలో చొప్పున ఐదుగురికి పది రోజులు. ఫొటోలో బస్తా మీద మనవైపు చేతులు పదకొండు, అటువైపు రెండు.

అక్కడే ఉండి పనిచేసే చిన్న సంస్థకు నెలనెలా డబ్బే పంపొచ్చుగా అంటారు కొందరు తొందరపాటు మనుషులు. వాషర్లు, దోమతెరలు, కోయ భాష వచ్చిన టీచరు జీతం, డీసీఎం వ్యాను కిరాయి అన్నీ అందులోంచే వెళ్తాయట. ఆదాయపు పన్నులో దానాలకిచ్చే మినహాయింపు వస్తువులకు ఎలాగూ లేదు, 2000 రూపాయలు దాటిన నగదుకూ లేదు. బ్యాంకులో వేస్తే రసీదొస్తుంది. రసీదును స్టేటస్ పెడితే ఎవరు చూస్తారు? అమెరికాలో ఉన్న మేనల్లుడి స్నేహితులు డాలర్లిస్తామన్నా, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే దిగాలి, ఒక సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. అనుమతి ఉన్న సంస్థ పట్నంలో, పని తెలిసిన సంస్థ గూడెంలో.

అయితే మన దానాల్లో తప్పకుండా అక్కరకొచ్చేది ఒకటుంది, ఫ్లెక్సీ. దాతలు బండెక్కగానే అది గుడిసె ఎక్కుతుంది. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ పంచే టార్పాలిన్ 4 మీటర్లు బై 5 మీటర్లు. మనం వేయించే ఆరు బై నాలుగు అడుగులది పొయ్యి మూలకు కూడా చాలదు. ఈసారి 13 బై 16 అడుగులు వేయించండి. మధ్యలో అతుకు వద్దు, కారుతుంది. అంచు మడిచి రింగులు కొట్టించండి, లేకుంటే తాడు కట్టినచోటే చిరుగుతుంది. అచ్చు వైపు లోపలికి వచ్చేలా కప్పమని చెప్పి రండి. వానాకాలమంతా పడుకున్న పిల్లలు మిమ్మల్నే చూస్తుంటారు.