రాబందుకు ఉన్న రక్షణ అమ్మ కిడ్నీకి ఏదీ?

కీళ్లవాతం మందులు కిడ్నీలు తినేస్తాయన్న భయం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. ఆ భయంతో ఆ జబ్బుకు డాక్టరు రాసిన మెథోట్రెక్సేట్ మందు మానేసి, నొప్పి తట్టుకోలేక మెడికల్ షాపుకు వెళ్లేవాళ్లు ఎందరో. అసలు ముప్పు ఆ షాపులోనే ఉంది.

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు సాయంత్రం ఏదో ఒక షాపు ముందు నిలబడి చూడండి. అనంతపురం నుంచి కొడుకు దగ్గరికొచ్చిన పెద్దావిడ, కణుపులు వాచిన చెయ్యి చాపి "ఆ నొప్పుల మాత్రలు ఒక ఆరు ఇయ్యప్పా" అంటుంది. అతను కత్తెరతో స్ట్రిప్ కత్తిరించి ఇస్తాడు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. డాక్టరు చీటీ అడగడు. బీపీ ఉందా అనీ అడగడు.

కిడ్నీకి రక్తం తెచ్చే నాళం తెరుచుకుని ఉండాలంటే ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కావాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నొప్పితో పాటు వాటినీ అణిచేస్తాయి. బీపీకి టెల్మిసార్టాన్, ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా వాడుతుంటే మూడు దెబ్బలూ కిడ్నీ మీదే పడతాయి. మెథోట్రెక్సేట్ చాలావరకు మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీ మందగిస్తే అది ఒంట్లో నిలిచిపోయి నోట్లో పుండ్లు లేస్తాయి, రక్తకణాలు పడిపోతాయి. చివరికి నింద మోసేది మెథోట్రెక్సేటే! రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీ పని దాదాపు సగం పోయి ఉంటుంది, అప్పటిదాకా మనిషికి ఏమీ తెలియదు.

ఒక మాత్ర కోసం అరపూట కూలి పోగొట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలా అంటారు. న్యాయమైన ప్రశ్నే. రెండు రోజుల నొప్పి మాత్ర గురించి కాదు నా గోడు, ఏళ్ల తరబడి రోజూ మింగే మాత్రల గురించి.

బెంగళూరు పక్కనే రామనగరలో రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం ఉంది. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు చెడి, దేశంలో రాబందులు లక్షలాదిగా చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. మనుషుల సీసాలు పశువులకు చేరుతున్నాయని 2015లో ఇంజెక్షన్ సీసాను 3 ఎంఎల్‌కు కుదించారు. 2023లో ఎసిక్లోఫెనాక్‌నూ పశువైద్యం నుంచి తప్పించారు. మంచి పని, సంతోషం. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, ఒప్పుకుంటాను. కానీ పక్షి కోసం సీసా సైజు దాకా చూసిన ప్రభుత్వం, షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో ఉన్న డైక్లోఫెనాక్‌ను చీటీ లేకుండా అమ్మకూడదన్న తన నియమాన్నే షాపు కౌంటర్ దగ్గర ఎందుకు వదిలేసింది? కనీసం ఆ పేరున్న ముక్కనైనా ఆ పెద్దావిడ చేతిలో పెట్టమని ఎందుకు గట్టిగా చెప్పదు?