తిట్టిన మాట తిట్టినట్టే రాయాలి

‘కులం పేరుతో దూషించినాడు.’ ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాలకు పెట్టే అట్రాసిటీ కేసుల ఎఫ్‌ఐఆర్‌లు చదివే అలవాటున్నవారికి ఈ మూడు మాటలు కొత్త కాదు. ఎవరిని ఏమన్నాడో, ఎక్కడ నిలబడి అన్నాడో, అప్పుడు చుట్టూ ఎవరెవరు ఉన్నారో ఈ వాక్యం చెప్పదు. స్టేషన్ మెట్లెక్కే మనిషి చెవుల్లో ఇంకా మోగుతున్న ఆ తిట్టు, ఫిర్యాదు రాసుకునే రైటర్ బల్ల దాటేసరికి ఏ ఊరి కేసుకైనా సరిపోయే పడికట్టు వాక్యంగా మారిపోతుంది. ఈ కేసులు ఫిర్యాదు రాసిన తొలి గంటలోనే సగం ఓడిపోతున్నాయని, అందువల్ల బాధితులకు అందవలసిన అండ ఆ గంటకు ముందే అందాలని నా నమ్మకం.

కారంచేడు నుంచి చుండూరు దాకా, అక్కడి నుంచి లక్ష్మీపేట దాకా నడిచిన దళితుల ఊచకోతల చరిత్ర తెలుగు పాఠకులకు మళ్లీ చెప్పనక్కరలేదు. 1990 జనవరి 30న అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 2016 నుంచి మరింత పదునెక్కింది. 2018లో చేరిన 18ఎ సెక్షన్, ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని తేల్చి చెప్పింది. డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలని, 60 రోజుల్లో చార్జిషీట్ వేయాలని నిబంధనలున్నాయి. చట్టంలో లోటు పెద్దగా లేదు.

అసలు చిక్కు మాటల దగ్గరే ఉంది. అవమానం ‘ప్రజల దృష్టిలో పడే చోట’ జరిగితేనే నేరమని చట్టం అంటుంది. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాట దాని కిందికి రాదని, ఆ అవమానానికి బాధితుడి కులమే కారణమై ఉండాలని ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2020 నవంబరులో చెప్పింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన మరో కేసులో 2023 మేలో ఇంకో అడుగు ముందుకు వేసి, నిందితుడు అన్న మాటలేమిటో ఎఫ్‌ఐఆర్‌లో కాకపోయినా కనీసం చార్జిషీట్‌లోనైనా కనిపించడం మంచిదని పేర్కొంది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టుకుని ‘కులం పేరుతో దూషించినాడు’ అన్న వాక్యాన్ని మళ్లీ చదవండి. రచ్చబండ దగ్గర పదిమంది వింటుండగా అన్నాడా, ఇంట్లో అన్నాడా? పొలం గట్టు తగాదాలో అన్నాడా, ఆ తగాదా పుట్టిందే కులం వల్లనా? ఒక్క ప్రశ్నకూ అందులో జవాబు లేదు. ఆరు నెలల తరువాత బాధితుడు సాక్షి బోనులో ఆ మాటను ఉన్నదున్నట్టు చెబితే, ‘మొదట చెప్పనిది ఇప్పుడు కల్పించి చెబుతున్నావు’ అని ఎదుటి వకీలు పట్టుకుంటాడు. నిజానికి అతను మొదటే చెప్పాడు, రాసినవారు రాయలేదు.

చట్టం దీన్ని ముందే ఊహించింది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న తరువాత, సంతకం తీసుకునే ముందు, దాన్ని ఫిర్యాదుదారుకు చదివి వినిపించడం అధికారి విధి అని 4వ సెక్షన్ చెబుతుంది. కావాలని ఆ విధిని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు శిక్ష కూడా ఉంది. కానీ ‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని’ అన్న ముగింపు మన స్టేషన్లలో ఎన్నేళ్లుగానో అలవాటుగా పడిపోతున్న మాట. నిజంగా చదివారా అన్నది తేల్చే సాధనం బాధితుడి చేతిలో ఏదీ లేదు.

ఈ చట్టం దుర్వినియోగమవుతోందనే వాదన ఒకటుంది. పాత కక్షలకు, భూ తగాదాలకు కులాన్ని తగిలించి కేసులు పెడుతున్నారని, అందుకే గట్టి వడపోత కావాలని ఆ వాదన చేసేవారంటారు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు కూడా అదే దారిలో వెళ్లి, ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చని చెప్పి, 2019 అక్టోబరులో తన ఆదేశాలను తానే వెనక్కి తీసుకుంది. తప్పుడు కేసు నిజంగా భయమైతే, తొలి ఫిర్యాదులో మాట, స్థలం, సాక్షులు స్పష్టంగా నమోదు కావడమే దానికి విరుగుడు. అల్లిన కథ వివరాల దగ్గర విడిపోతుంది, జరిగిన సంగతి అక్కడే నిలబడుతుంది.

తిట్టు లేని నేరాల సంగతి ఇంకా కష్టం. పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం వివాదంలో దళితులను వెలివేశారు. వెలి అంటే కూలికి పిలవకపోవడం, కౌలు భూమి లాక్కోవడం, కొట్లో సరుకు ఇవ్వకపోవడం. ఇలాంటి నేరానికి తేదీ, సమయం, ప్రదేశం గడులున్న ఫారం చాలదు. ఏ రోజు నుంచి ఎవరు పనికి పిలవడం మానేశారో, ఎవరి ఇంటికి ఏం ఆగిపోయిందో వరుసగా రాయాలి, అందుకు పక్కన కూర్చుని ఓపికగా అడిగే మనిషి కావాలి.

ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం చాలావరకు ఎఫ్‌ఐఆర్ తరువాతే మొదలవుతుంది. పరిహారంలో తొలి వాటా రావాలంటే ఎఫ్‌ఐఆర్ నంబరు కావాలి. 2021 డిసెంబరులో మొదలైన 14566 హెల్ప్‌లైన్ ఉంది, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయసహాయం ఇచ్చే న్యాయసేవాధికార సంస్థల 15100 నంబరు ఉంది. రెండూ అవసరమే. అయితే రాత్రి తొమ్మిదింటికి స్టేషన్ ముందు నిలబడ్డ తల్లికి కావలసింది పక్కన నడిచే మనిషి. స్వచ్ఛంద సంస్థలు, సామాజిక కార్యకర్తలు, న్యాయవాదుల సాయం తీసుకునే హక్కును 15ఎ సెక్షన్ బాధితులకు ఇచ్చింది. ఆ హక్కును మండలానికి ఇద్దరు శిక్షణ పొందిన పారాలీగల్ వాలంటీర్ల (న్యాయ విషయాల్లో తోడు నిలిచే స్వచ్ఛంద కార్యకర్తల) రూపంలో నిలబెట్టి, వారి ఫోన్ నంబర్లను స్టేషన్ గోడమీద రాయించడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.

ఇక్కడే నాకు ఎప్పటినుంచో ఉన్న ఆవేదన ఒకటి చెప్పాలి. మన న్యాయవ్యవస్థ తెలుగును మొక్కుబడిగానే వాడుతోంది. పడికట్టు తెలుగులోకి ఒకసారి కుదించిన తిట్టు, పై కోర్టు కోసం ఇంగ్లీషులోకి మారేటప్పుడు రెండోసారి చప్పబడిపోతుంది. తెలుగులో కులాన్ని తిట్టుగా మార్చే పద్ధతులు అనేకం: వృత్తిని ఎత్తిచూపడం, తిండిని ఎత్తిపొడవడం, ‘ఒరే’ అన్న ఒక్క పిలుపులో తాతల నాటి చాకిరీని గుర్తుచేయడం. ఆ పిలుపు ఎందుకు అవమానమో ఊళ్లో చిన్నపిల్లకైనా తెలుసు, అనువాదంలో మాత్రం అది ఎగిరిపోతుంది. తెలంగాణ హైకోర్టు 2023 జూన్‌లో ఒక భూవివాదంలో తెలుగులో తీర్పు వెలువరించింది. భూమి తగాదాకు వీలైన తెలుగు, మనిషి గౌరవం తేలే కేసులకు ఎందుకు వీలుకాదు? కనీసం బాధితుడు విన్న మాట తెలుగు లిపిలో, అన్నది అన్నట్టుగా, తీర్పులో కనబడాలి.

జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చోవాలని నిబంధన. వచ్చే సమావేశంలో పెండింగ్ కేసుల పట్టికతో పాటు, ఆ మూడు నెలల్లో నమోదైన ఎఫ్‌ఐఆర్‌లలోని ఫిర్యాదు పాఠాన్ని కూడా సభ్యుల ముందు బిగ్గరగా చదివించాలి. వాటిలో ఎన్ని ‘కులం పేరుతో దూషించినాడు’ దగ్గరే ఆగిపోయాయో లెక్క తీసి, ఆ స్టేషన్ల అధికారులను 4వ సెక్షన్ ముందు పెట్టుకుని వివరణ అడగాలి.