నిబంధనలు చదవని చేపలు

పెంపకం చేపలు తప్పించుకుని నదుల్లో, సముద్రంలో పడుతున్నాయని, పెంపకంపై నియంత్రణ చాలడం లేదని పర్యావరణవేత్తలు గోల పెడుతున్నారు. ఇది అన్యాయం. దరఖాస్తు ఉంది, లైసెన్సు ఉంది, తనిఖీ నివేదిక ఉంది, దాని మీద ముద్ర కూడా ఉంది. లోపమంతా చేపలది. వీటిలో ఒక్కటీ చదవవు.

సిల్వర్ కార్ప్ అనే చేపల సంగతే తీసుకోండి. 1970ల తొలినాళ్లలో వాటిని అమెరికాలోని అర్కాన్సాస్‌కు రప్పించారు. చెరువుల్లో, మురుగు కుంటల్లో నాచు మేసి నీళ్లు శుభ్రం చేయడం వాటికి అప్పగించిన ఉద్యోగం. జీతం లేదు, పింఛను లేదు. ఇంతకన్నా పొదుపైన పాలన ఏముంటుంది? అయితే ఈ ఉద్యోగులు బదిలీ ఉత్తర్వులు లేకుండానే గట్లు దాటి మిసిసిపీ నది పొడవునా కాపురాలు పెట్టేశాయి. స్థానిక చేపపిల్లల నోటిదగ్గరి ప్లవకాలను (నీటిలో తేలే సూక్ష్మజీవులను) మింగేస్తూ, మోటారు పడవ చప్పుడైతే చాలు, ఎగిరి మనుషుల ముఖాలకు కొడుతున్నాయి. అమెరికా, కెనడాల మధ్య ఉన్న మహా సరస్సుల్లోకి రాకుండా షికాగో కాలువలో విద్యుత్ కంచె వేశారు. అది చాలదని ఇల్లినాయ్‌లో వంద కోట్ల డాలర్లు దాటే అంచనాతో మరో అడ్డుకట్ట తలపెట్టారు. మురుగు కుంట శుభ్రతలో మిగిలిన డబ్బు ఎక్కడుందో తెలిస్తే ఇక్కడ వాడుకోవచ్చు. ఈలోగా 2022లో ఇల్లినాయ్ రాష్ట్రం ఈ రకం కార్ప్‌లకు 'కోపి' అని ముద్దుగా పేరు మార్చింది, అలాగైనా జనం వండుకు తింటారని.

ఇంతకన్నా నాకు నచ్చిన కేసు 2017 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్రంలోని సైప్రస్ దీవి దగ్గర జరిగింది. సముద్రంలో చేపలు పెంచే వల పంజరం కూలి, అందులోని అట్లాంటిక్ సాల్మన్ చేపలు పసిఫిక్ నీళ్లలో పడ్డాయి. సూర్యగ్రహణం రోజుల్లో పోటు ఎక్కువైందని వాటిని పెంచే కంపెనీ సంజాయిషీ. చంద్రుడికి నోటీసు పంపే చిరునామా లేదు కాబట్టి ఇది తిరుగులేని వాదన. తప్పించుకున్నవి కొన్ని వేలేనని మొదట చెప్పారు. అధికారుల లెక్కలో 2,40,000 దాటాయి. వలలకు పేరుకున్న ఆల్చిప్పలను గీకి తీయకపోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది. నెలల తర్వాత కూడా వాటిలో కొన్ని స్కాజిట్ నదిలో దొరికాయి. పరాయి జాతుల పంజరాలకు స్వస్తి చెబుతూ 2018లో చట్టం వచ్చింది. చంద్రుడి మీద మాత్రం ఏ చర్యా లేదు.

నార్వేలో మరో రకం చిక్కు. అక్కడ పారిపోయిన పెంపకం సాల్మన్లు నదుల్లోకి ఎక్కి సహజ సాల్మన్లతో జత కడుతున్నాయి. త్వరగా బరువెక్కడానికి తరతరాలుగా ఏరి పెంచిన వంశం. మేత పైనుంచి పడుతుందని నమ్మే రకం. ఆ సంతానానికి నదిలో బతకడం కష్టమవుతోంది. దీన్ని వంశ పతనమని శాస్త్రవేత్తలు వాపోతున్నారు గానీ, పారిశ్రామిక సంస్కృతి విస్తరణ అని ఎందుకు అనకూడదు?

వరద చేరే చోట పరాయి జాతుల్ని పెంచవద్దని, నదితో సంబంధం లేని తొట్టెల్లో పెంచమని, పారిపోయిన ప్రతి చేపకూ యజమానే లెక్క చెప్పాలని కొందరు అడుగుతున్నారు. ఖర్చు పెరుగుతుందని పరిశ్రమ అంటోంది. నిజమే. ఇప్పటి ఏర్పాటు చవక: పోయిన చేపలకు యజమాని బీమా తీసుకోవచ్చు. నది ప్రీమియం కట్టలేదు కనుక దాని క్లెయిము చెల్లదు.