ఇరవై ఏళ్ళ అనుభవం ఉంటే కేసు క్లాసు నడిపేయొచ్చా?

కొన్నాళ్ళుగా శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. పాత విద్యార్థుల గ్రూపుల్లో చూశాను, వ్యాపారుల గ్రూపుల్లో చూశాను, ఆఖరికి మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి కూడా వచ్చింది. దాని సారాంశం ఇది: "మన జిల్లాల్లో ఎంబీఏ పాఠాలు చెప్పేవాళ్ళు ఒక్క రోజు కూడా వ్యాపారం చేసి ఎరగరు. కేస్ స్టడీలంటే అమెరికా కథలు, పలాస కుర్రాడికి అవెందుకు? ఇరవై ఏళ్ళు వ్యాపారం చేసినాయన్ని తెచ్చి నిలబెడితే ఏం చేయాలో సూటిగా చెప్పేస్తాడు. కానీ పీహెచ్‌డీ లేదని అలాంటివాళ్ళని గేటు దగ్గరే ఆపేస్తారు. అయినా తెలుగు మీడియం పిల్లలకి చర్చలేంటి, నోట్సిస్తే పాసైపోతారు."

నేను బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్‌లో కొనుగోళ్ళు చూసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయనగరం దగ్గర ఒక కాలేజీలో కేసు క్లాసులు నడుపుతున్నాను. అంటే ఒక వ్యాపారికి ఎదురైన చిక్కును కాగితం మీద పెట్టి, ఏం చేయాలో పిల్లల చేతే చర్చించి తేల్పించే క్లాసులు. పోస్టు పొగిడేది నాలాంటివాళ్ళనే కాబట్టి, జవాబు కూడా మాలో ఒకడు చెబితేనే బాగుంటుంది.

మొదటి మాట, పాఠాలు చెప్పేవాళ్ళకు వ్యాపారం తెలియదన్నది. చాలామంది విషయంలో నిజమే. పీజీ అవగానే నెట్టో పీహెచ్‌డీయో చేసి నేరుగా క్లాసుకు వచ్చినవాళ్ళే ఎక్కువ. దాని మీద వాదన పెట్టుకోను. అయితే ఆ లోటు పూడ్చడానికి పోస్టు చెప్పిన మందు వేరే జబ్బు తెస్తుంది. అది తర్వాత చెబుతాను.

ముందు "అమెరికా కథలు" సంగతి. కేసు పద్ధతి పుట్టింది అమెరికాలోనే, అందులో దాపరికం లేదు. 1870లో హార్వర్డ్ లా స్కూల్లో లాంగ్‌డెల్ అనే ఆయన, సూత్రాలు వల్లె వేయించడం మానేసి, కోర్టు తీర్పులే చదివించి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో వచ్చింది. 1919లో అక్కడ డీన్ అయిన వాలస్ డోనమ్ ఆ లా స్కూల్లో చదివినవాడే కాబట్టి అదే పద్ధతిని వ్యాపార చదువులోకి గట్టిగా తెచ్చాడు. 1921లో అక్కడ రాసిన మొదటి కేసు ఒక చెప్పుల కంపెనీ గురించి. మొత్తం ఒక్క పేజీ. మన దగ్గరికొస్తే, 1961లో అహ్మదాబాద్ ఐఐఎం హార్వర్డ్ సహకారంతో మొదలైంది. ఆ పద్ధతిని తీసుకుని మన కంపెనీల మీద, మన సహకార సంఘాల మీద కేసులు రాయించుకుంది. పద్ధతి ఎక్కడిదైనా సరుకు మనదే ఉండొచ్చని అప్పుడే తేలిపోయింది.

మన జిల్లాల కాలేజీల్లో ఇప్పటికీ వాల్‌మార్ట్ కేసు జిరాక్సులే పంచుతున్నారంటే అది ఎంపిక చేసినవాళ్ళ బద్ధకం. ఇక్కడ కేసులకు కరువా? పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో సన్న నూలు వడికి నేసిన పంచెను మిల్లు బట్ట పక్కన ఏ ధరకు అమ్మాలి? 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు తోట మొత్తం నేలకూలిన ఉద్దానం రైతు మళ్ళీ జీడి మొక్కే పెట్టాలా? కాపు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, ఈలోగా ఇల్లు గడవాలి. ఉక్కు తయారీలో వాడే సిలికో మాంగనీస్ ఒక టన్ను తీయడానికి సుమారు 4 వేల యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్‌కు రూపాయి పెరిగితే టన్నుకు 4 వేలు పెరిగినట్టే. అప్పుడు బొబ్బిలిలో ఫర్నేసు ఆపాలా, నష్టానికే నడపాలా?

ఈ చివరి ప్రశ్నకు పుస్తకంలో దొరికే జవాబు సులువు: అమ్మితే వచ్చే డబ్బు కరెంటు, ఖనిజం ఖర్చుకు కూడా చాలకపోతే ఆపేయాలి. ఫర్నేసు దగ్గర పనిచేసినవాడికి ఇంకో లెక్క తెలుసు. ఆపిన ఫర్నేసును మళ్ళీ పూర్తి లోడుకు తేవడానికి రోజులు పడుతుంది, చల్లారితే లోపలి లైనింగ్ దెబ్బతింటుంది, ట్యాపింగ్ దగ్గర, అంటే కరిగిన లోహాన్ని బయటికి తీసేచోట, చేయి తిరిగిన మనిషి ఈలోగా ఇంకో ఊళ్ళో పనికి కుదురుకుంటాడు. అనుభవం ఉన్నవాళ్ళు క్లాసులోకి రావాలని నేనూ అనేది ఇందుకే.

ఇక పోస్టులో అసలు మాటకు వద్దాం. అనుభవం ఉన్నాయన్ని నిలబెడితే "ఏం చేయాలో సూటిగా చెప్పేస్తాడు" అన్నారు. కేసు క్లాసు చెడిపోయేది సరిగ్గా అక్కడే.

పెద్ద హోదాలో రిటైరైన ఒకాయన క్లాసులో నేను వెనక బెంచీలో కూర్చున్నాను. మంచి మనిషి, నిజంగా పని తెలిసినవాడు. పిల్లలు రాత్రి కూర్చుని కేసు చదువుకొచ్చారు, కొందరు లెక్కలు కూడా వేసుకొచ్చారు. ఆయన మొదటి ఐదు నిమిషాల్లోనే "నాకూ ఇలాంటిదే వచ్చింది, నేనేం చేశానంటే" అని మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే కాగితాలు మూసేశారు. ఆ తర్వాత గంటసేపు సాగింది ఆయన ఉద్యోగ జీవితం. పిల్లలు నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆయన్ను తప్పుపట్టిన మొదటి బెంచీ కుర్రాడు ఒక్కడూ లేడు. ఉంటే బాగుండేది, ఎందుకంటే ఆయన చేసిన పని ఆ ఏడాది మార్కెట్‌కు సరిపోయింది, అంతే.

పనయ్యాక ఫలితం తెలిసినవాడికి ఒక చిక్కు ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త బరూక్ ఫిష్‌హాఫ్ 1975లో దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. 1814లో బ్రిటిషువాళ్ళకూ గూర్ఖాలకూ జరిగిన యుద్ధం గురించి కొందరికి చదవడానికిచ్చాడు. ఒక్కో గుంపుకు ఒక్కో ఫలితం చెప్పాడు. ఎవరికి ఏ ఫలితం చెబితే వాళ్ళు "ఇది ఇలాగే అవుతుందని ముందే తెలిసిపోతోంది కదా" అన్నట్టు అంచనా వేశారు. చెప్పిన ఫలితమే తమ ఆలోచనను లాగేసిందని వాళ్ళకు తెలియనే లేదు. ఇరవై ఏళ్ళు వ్యాపారం చేసినాయన తన కథ చెప్పేటప్పుడు జరిగేదీ అదే. ఆ రోజు తను ఎంత టెన్షన్ పడ్డాడో, ఇంకే రెండు దారులు చూశాడో, ఏ సంగతి తెలియకుండానే అడుగేశాడో అన్నీ జారిపోతాయి. మిగిలేది తెలివైన నిర్ణయం ఒక్కటే. పైగా క్లాసుకు పిలిచేది నిలబడినవాళ్ళనే. అలాంటి నిర్ణయమే తీసుకుని మునిగిపోయినవాణ్ని ఏ కాలేజీ పిలిచి శాలువా కప్పింది?

కేసును నిర్ణయం తీసుకోవాల్సిన రోజు దగ్గర ఆపేసి రాయడంలో ఉద్దేశం ఇదే. తర్వాత ఏమైందన్నది రెండో భాగంగా వేరే కాగితం మీద ఉంటుంది, చర్చ అయ్యాకే పంచుతారు. అనుభవజ్ఞుడు మొదట్లోనే నోరు విప్పితే ఆ రెండో కాగితం ముందే పంచినట్టు.

ఈ సంగతి మొదట్నుంచీ తెలిసినవాళ్ళకు తెలుసు. 1911 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఆర్చ్ షా అనే షికాగో పత్రికాధిపతి వ్యాపారులను క్లాసుకు పిలిచేవాడు. వచ్చిన వ్యాపారి మొదటి రోజు తన కంపెనీలో ఇంకా తేలని సమస్యను వివరించి, ప్రశ్నలకు జవాబులిచ్చి వెళ్ళిపోయేవాడు. విద్యార్థులు దాని మీద రాసి తెచ్చేవారు. ఆ తర్వాత వ్యాపారి మళ్ళీ వచ్చి వాళ్ళు రాసినదాని మీద వాళ్ళతో మాట్లాడేవాడు. పోస్టు రాసినాయన కోరుకున్న పని నూరేళ్ళ కిందటే చేశారు. తేడా ఏమిటంటే, ఆ వ్యాపారి తెచ్చింది సమస్య. మన పోస్టు తెమ్మంటున్నది జవాబు.

మా క్లాసులో ఒక జీడి కేసు నడిపాం. పలాసలో ఒక మధ్యరకం ఫ్యాక్టరీ యజమాని వేసవిలో ఉద్దానం పిక్కలు వెయ్యి బస్తాలు ఒకేసారి కొని పెట్టుకోవాలా, లేక కొద్దికొద్దిగా కొంటూ ఆఫ్రికా సరుకు కోసం చూడాలా అన్నది ప్రశ్న. అంకెలు కేసు కోసం అనుకున్నవే: బస్తా 80 కిలోలు, ధర 12 వేలు, బ్యాంకు వడ్డీ 10 శాతం. క్లాసు మొత్తం లెక్క వేసింది. వెయ్యి బస్తాలకు కోటీ 20 లక్షలు, ఆరు నెలలకు వడ్డీ 6 లక్షలు. బోర్డు మీద రాశాను. సరేనన్నారు అందరూ. వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం "బస్తాలన్నీ ఆర్నెల్లూ గొడౌన్లోనే ఉండిపోతాయేటండి సార్? వారం వారం ఆడించుకుంటాం కదా" అంది. సరుకు తగ్గుతూంటే, అమ్మిన డబ్బుతో అప్పూ తీరుతూంటే వడ్డీ దాదాపు సగమే, 3 లక్షలు. ఒక్క మాటతో బోర్డు మీది లెక్క మారిపోయింది.

ఆ రోజు కాశీబుగ్గ నుంచి ఈ వ్యాపారంలో తలపండిన పెద్దాయనొకరు వచ్చి వెనక కూర్చున్నారు. ఆఖరి ఇరవై నిమిషాల దాకా మాట్లాడకూడదని ముందే ఒప్పందం. మధ్యలో రెండుసార్లు లేవబోయారు, నేను చూడనట్టే ఊరుకున్నాను. చివర్లో ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "వడ్డీ సరే బాబూ, అవుట్‌టర్న్ ఎవరైనా చూశారా?" జీడి వ్యాపారంలో బస్తా పిక్కలకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో చూస్తారు, అదే అవుట్‌టర్న్. ఉదాహరణకు 48 పౌన్లు దిగితే సుమారు 21.8 కిలోలు. సరిగ్గా ఎండని పిక్కలు కొని వానల్లో దాచి, అది రెండు పౌన్లు తగ్గిందనుకోండి. వెయ్యి బస్తాల మీద 900 కిలోల పప్పు పోయినట్టు. కిలో 700 చొప్పున వేసుకున్నా 6 లక్షలు దాటింది. పిల్లలు గంటసేపు కొట్లాడుకున్న వడ్డీకి ఇది రెట్టింపు.

ఇదే మాట ఆయన మొదట్లో చెప్పుంటే నోట్సులో ఒక లైనయ్యేది. ఆ అమ్మాయి నోరు విప్పేదే కాదు. గంటసేపు కొట్లాడాక చెప్పారు కాబట్టి తాము ఎక్కడ చూడలేదో వాళ్ళకు తెలిసింది. మర్నాడు ఇద్దరు కుర్రాళ్ళు పిక్కలు కోసి చూడడానికి ఆయన గొడౌన్‌కే వెళ్ళారని విన్నాను.

పెద్దాయనలా చివరిదాకా మాట ఆపుకోవడం పుట్టుకతో రాదు. హార్వర్డ్‌లో రోలండ్ క్రిస్టెన్సన్ లాంటివాళ్ళు, చర్చ ఎలా నడపాలో నేర్పడానికే అధ్యాపకులకు ప్రత్యేకంగా తరగతులు పెట్టారు. ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి, ఎవరిని పిలవాలి, బోర్డులో ఏది ఎక్కడ రాయాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఇవన్నీ ముందే కూర్చుని రాసుకునే పని. పోస్టులో తీసిపారేసిన లెక్చరర్లు అవసరమయ్యేది ఇక్కడే. వ్యాపారం చేయని లెక్చరరైనా కేసు లోతుగా చదివి ప్రశ్నలు తయారుచేసుకోగలడు. వ్యాపారికి లోపలి సంగతులు తెలుసు. ఇద్దరినీ ఒకే గదిలో పెట్టడానికి ఒక సాయంత్రం కలిసి కూర్చుని టీ తాగితే చాలు, ఖర్చేమీ లేదు. కేసు పద్ధతి మీద గట్టి విమర్శలు లేవని నేనను. ఇరవై పేజీలు చదివి కంపెనీ భవిష్యత్తు తేల్చేసే ధీమా పిల్లలకు అంటుకుంటుందని కెనడాలో హెన్రీ మింట్జ్‌బర్గ్ ఎప్పట్నుంచో అంటున్నాడు. ఆ విమర్శకు బరువుంది. వెనక బెంచీలో కాశీబుగ్గ పెద్దాయన ఉంటే ఆ ధీమా కాస్త దిగుతుంది.

పీహెచ్‌డీ లేదని ఆపేస్తారన్న మాట ఇప్పుడు తప్పు. "ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్" పేరుతో అనుభవజ్ఞులను యూనివర్సిటీలు, కాలేజీలు తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. కనీసం 15 ఏళ్ళ అనుభవం ఉండాలి, డిగ్రీలు తప్పనిసరి కాదు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు, మొత్తం మీద నాలుగేళ్ళకు మించి ఉంచకూడదు. గౌరవంగా, జీతం లేకుండా పనిచేసే వీలు కూడా ఉంది. తలుపు తెరిచే ఉంది. చాలా కాలేజీలు ఇప్పటికీ ఏడాదికో గెస్ట్ లెక్చర్, మెమెంటో, గ్రూప్ ఫోటోతో సరిపెట్టుకుంటున్నాయంటే అది యాజమాన్యాల్ని అడగాల్సిన సంగతి.

తెలుగు మీడియం పిల్లలకు చర్చలెందుకన్న మాటకు నాకు కొంచెం కోపమే వచ్చింది. వాడుక భాషలో చదువు ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆ జిల్లాలో కూర్చుని ఈ మాట ఫార్వర్డ్ చేస్తున్నారు. మా క్లాసులో కేసు ఇంగ్లీషులో చదువుతారు, కొట్లాట తెలుగులో, చివర్లో రాసేది ఇంగ్లీషులో. వడ్డీ లెక్క సరిచేసిన అమ్మాయి నోరు తెరవకుండా కూర్చునేది ఇంగ్లీషులోనే మాట్లాడాలన్న క్లాసుల్లో మాత్రమే.

నోట్సిస్తే పాసవుతారా? మన యూనివర్సిటీల ఎంబీఏ ప్రశ్నపత్రాలు చాలావాటిలో చివర్న ఒక కేసు ఉంటుంది, అది తప్పనిసరి. విద్యార్థి దాన్ని మొదటిసారి చూసేది పరీక్ష హాల్లోనే. దానికి ముందుగా నోట్సివ్వగలిగేది పేపరు తయారుచేసినాయన ఒక్కరే.