పరుగెత్తని ‘రన్’ గారికి

మహారాజశ్రీ ‘రన్’ గారికి,

ఉభయకుశలోపరి. తమరి ఆస్తుల చిట్టా చూసి కళ్లు తిరిగి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు లెక్క తేల్చితే, ఒక్క క్రియగానే తమరికి 645 అర్థాలట! ఆ లెక్క తేల్చడానికి పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. అంతకుముందు ఆ గద్దె ‘సెట్’ గారిది. 1989 కూర్పులో ఆయనకు 430 దాకా ఉండేవి. పాపం, ఇక తిరుగులేదని సెట్ అయిపోయినట్టున్నారు.

నా బాధల్లా ఒకటే. పేరేమో పరుగు, తమరి కాపురమంతా కదలనివాళ్ల దగ్గర! కంపెనీని రన్ చేసే పెద్దమనిషి కుర్చీ దిగడు. ప్రోగ్రాం రన్ చేసేవాడు మీట నొక్కి ఆవలిస్తూ కూర్చుంటాడు. జలుబు చేస్తే మనిషి మంచం మీద, ముక్కు మాత్రం రన్నింగ్‌లో. నది రన్ అవుతుందంటే సరే, దాని పక్కనున్న రోడ్డుకేమొచ్చింది? పొద్దున్నే బూట్లు కట్టుకుని చెమటోడ్చేవాడి దగ్గరికి మాత్రం తమరి బదులు జాగింగ్‌ను పంపిస్తారు.

అదే పదవి కోసం అమెరికాలో రన్ అవుతారు, బ్రిటన్‌లో స్టాండ్ అవుతారు. రెండుచోట్లా అడుక్కునేది ఓట్లే.

బ్యాంకు సంగతి ఇంకా విచిత్రం. 2007లో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం తమ డబ్బు వెనక్కి తీసుకోవడానికి బుద్ధిగా క్యూలో నిలబడితే దాన్ని ‘రన్’ అన్నారు. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు లాగేసుకోవాలని చూశారు. ఈసారి చాలామందికి క్యూ కూడా అక్కర్లేకపోయింది, సోఫాలోంచే రన్!

ఇక క్రికెట్‌లో తమరు చేసే అన్యాయానికి అంతులేదు. బంతి బౌండరీ దాటితే నాలుగు, గాల్లోనే దాటితే ఆరు. కొట్టినవాడు బ్యాటు మీద చెయ్యి ఆనించి చూస్తూ నిలబడతాడు, అయినా ఆరు రన్‌లు తమరి ఖాతాలోనే. ఇంకొకడు ఊపిరి ఎగబీలుస్తూ పరుగెత్తి, ఆఖర్న ఒళ్లంతా నేలకేసి ఈడ్చి బ్యాటు చాపుతాడు. బెయిల్స్ ఎగిరే క్షణానికి బ్యాటు కొస సరిగ్గా గీత మీదే ఉంది. గీత మీదుంటే చాలదట, దాటాలట. నిజంగా పరుగెత్తినవాడికి తమరిచ్చే బిరుదు ‘రన్ అవుట్’.

తమరి వెంట తిరిగే బుల్లి మాటలు మరీ ప్రమాదం. స్నేహితుణ్ణి ‘రన్ ఇంటూ’ అయితే దారిలో ఎదురుపడ్డట్టు, ‘రన్ ఓవర్’ అయితే బండి ఎక్కించినట్టు. కొత్తగా ఇంగ్లిష్ నేర్చుకునేవాడు నోరు జారి హంతకుడైపోతున్నాడండీ! అదే నోట్స్‌ను ‘రన్ ఓవర్’ చేస్తే ఏ కేసూ లేదు, ఊరికే తిరగేసినట్టట.

కాబట్టి దయచేసి ఓ యాభై అర్థాలైనా పనిలేక కూర్చున్న క్రియలకు రాసివ్వండి. గిలివర్ గారిని మాత్రం మళ్లీ పిలవకండి.

ఇట్లు,
నిఘంటువులో ‘ఆర్’ దాటలేకపోతున్న ఓ పాఠకుడు