బీరువాలో చోటు లేదు

కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించి మా కోనసీమకి నీళ్ళిచ్చాడు. తేమ మాత్రం అంతకు ముందునుంచే ఉచితం. ఇక్కడ అప్పడం అరగంటలో మెత్తబడుతుంది, అగ్గిపుల్ల గీయగా గీయగా గానీ వెలగదు. అలాంటి ఊరికి, కాకినాడలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు దసరా సెలవులకి వస్తూ ఆరు బొమ్మ రాకెట్ మోటార్లు పట్టుకొచ్చాడు. పట్టుకొచ్చాడనడం కూడా మర్యాదకే. ఎదుర్లంక వంతెన దాటాక బైక్ మీంచి బ్యాగు జారి రోడ్డున పడింది, పైగా వాన.

ఒక్కోటీ బొటనవేలంత లావు, ఏడు సెంటీమీటర్ల పొడుగున్న అట్ట గొట్టం. లోపల గట్టిగా దట్టించిన మందు, అడుగున మట్టితో చేసిన సన్నటి మూతి. మందేమిటయ్యా అంటే సురేకారం, గంధకం, బొగ్గు. మా బాబాయి కుర్రతనంలో సిసింద్రీల్లో కూరిన సరుకే. రెండింటికి అట్ట ఉబ్బింది, ఒకదానికి మూతి పెచ్చు లేచింది. మిగతావి చూడ్డానికి బాగానే ఉన్నాయి. అసలు టెన్షన్ వాటితోనేనట.

"లోపల మందు పగిలితే పైకి తెలీదు తాతయ్యా. ముట్టిస్తే మంట ఆ పగుల్లోకి కూడా పోయి ఒక్కసారే ఎక్కువ మందు కాలుతుంది. అంత పొగా ఈ మూతిలోంచి పోలేక గొట్టమే పేలిపోతుంది."

"ఆయ్, దానికింత కంగారా! రెండ్రోజులు ఎండలో పెడితే సరి," అన్నాడు బాబాయి. పరుపుకైనా, కురిడీలకైనా, తడిసిన సెల్‌ఫోనుకైనా ఆయన వైద్యం ఒక్కటే.

"ఎండలోనే పెట్టకూడదు. పగలు కాగి రాత్రి చల్లబడితే మందు అట్ట నుంచి విడిపోతుంది. చల్లగా, పొడిగా, నిప్పుకి దూరంగా ఉండాలి. రేపు నేనే ఏదోటి చేస్తాను, ఈ రాత్రికి చోటు చూపించండి."

అడిగింది మూడే లక్షణాలు. ఇల్లంతా వెతికాం. వంటింట్లో పొయ్యి. దేవుడి గదిలో దీపం. వసారాలో బాబాయి చుట్ట. అటక మీద, పెంకుల కింద, కుంపటి సెగ. పశువుల పాకలో పొడి అన్న మాటే లేదు. మూడూ కుదిరిన చోటు ఇంట్లో ఒకే ఒక్కటి, పిన్ని బీరువా. నాఫ్తలీన్ ఉండలు తప్ప ఆ అరల్లోకి ఇంతవరకు పరాయి వస్తువు పోలేదు.

"నా ఉప్పాడ చీరల మధ్య బాంబులా? కావాలంటే ఆయన్ని పెట్టుకోండి అందులో," అని పిన్ని తాళాలు బొడ్లో దోపుకుంది.

చివరికి మూత గట్టిగా పట్టే మరచెంబులో వేసి, నా మంచం కింద పెట్టారు. నిద్ర సంగతి చెప్పక్కర్లేదు.

తెల్లారి చూస్తే చెంబులో అయిదే ఉన్నాయి.

ఆరోది పెరట్లో దొరికింది. కాదు, వినబడింది. బాబాయి దాన్ని కొబ్బరి ఈనెకి కట్టి, సీసాలో నిలబెట్టి, తన అనుభవాన్నంతా ఉపయోగించి ముట్టించాడు. ఢాం అంది. పైకి లేచింది ఒక్క బాబాయే. పంచెకి రెండు చిల్లులు, మీసం మీద మసి. గేదె పలుపు తెంపుకుని కాలవగట్టు దాకా పోయింది. ప్రాణాపాయం ఏమీ లేదు గనకే ఇలా రాయగలుగుతున్నాను. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "దీపావళికి ఇంకా ఇరవై రోజులుంది కదండీ?" అన్నాడు ఎంతో మర్యాదగా.

మేనల్లుడు ఏమీ అనలేదు. మిగిలిన అయిదింటినీ బకెట్టు నీళ్ళలో పడేశాడు. పాడైన మోటారుకి అదే మర్యాద అట. సాయంత్రానికి అట్ట ఊడి, మందు కరిగి, బకెట్టు నిండా నల్లటి బురద తేలింది. బాబాయి దాని పక్కనే పీట వేసుక్కూర్చుని అప్పుడప్పుడూ నిట్టూర్చాడు.

"సురేకారం ఎరువుల్లో కూడా వేస్తారన్నావు కదరా?" అని అడిగి, పిన్ని ఆ బకెట్టు తీసికెళ్ళి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోసింది.

మొన్న దింపు తీయడానికి మనిషి వస్తే బాబాయి ఎదురెళ్ళి ఆపాడు.

"ముందా చుట్ట పారెయ్యరా అబ్బాయ్. అది మందు పట్టిన చెట్టు."