ఆ నల్ల ఫోర్డు మెసేజుకు నా జవాబు

విశాఖ బీచ్ రోడ్డులో జలాంతర్గామి మ్యూజియం ముందు నిలబెట్టిన నల్లటి ఫోర్డు ఫొటో, దాని కింద బారెడు గొప్పలు. ఈ మెసేజు నాకు పంపని స్నేహితుడు లేడు. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు పంపారు, గాజువాక బంధువులు పంపారు, స్టీరింగు పట్టుకోవడమే రాని మా బావగారు కూడా "చూశావా, నువ్వు ఎందుకు చేయించవు?" అంటూ పంపారు. చూశాను బావగారూ.

అందులో ఉన్నది ఇది. 1930 నాటి ఫోర్డు మోడల్ 'ఎ' కొని, ఆటోనగర్‌లో 150 హార్సుపవరు ఇంజిను, ఏసీ, పవర్ స్టీరింగు పెట్టించండి. ఆ కాలపు గట్టి ఇనుము కనుక నేటి రేకు డబ్బాలకన్నా భద్రం. సింహాచలం కొండ టాప్ గేరులో ఎక్కేస్తుంది. పాతకాలపు కార్లకిచ్చే వింటేజ్ నంబరు ప్లేటు వస్తుంది, ఇక రోజూ తిరిగినా ఎవరూ అడగరు. ధర పదింతలవుతుంది. మైలేజీ కూడా బాగుంటుంది. 'ఒరిజినల్, ఒరిజినల్' అని పాడే పెద్దమనుషుల మాట వినకండి.

మైలేజీ సంగతి వదిలేద్దాం. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని లెక్క చూసుకునేవాడు వందేళ్లకు చేరువైన కారు కొనడు.

గట్టి ఇనుము మాట మాత్రం వదలను. "గుద్దితే ఎదుటి బండే నుజ్జవుతుంది" అని నవ్వు బొమ్మ పెట్టి మరీ రాశారు. అయ్యా, నుజ్జు కావడమే నేటి కారు చేయవలసిన పని. ముందుభాగం ముడుచుకుపోతూ దెబ్బను మింగుతుంది, మనుషులు కూర్చున్న గది నిలబడుతుంది. ముడుచుకోని బండిలో ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? లోపల కూర్చున్నవారి ఛాతీలోకి. ఇది నా ఊహ కాదు. 2009లో అమెరికాలో బీమా సంస్థల హైవే భద్రతా సంస్థ 1959 షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 షెవర్లే మాలిబును చెరొక 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. బెల్ ఎయిర్‌లో డ్రైవరు గది కూలిపోయింది. అందులో డ్రైవరు సీట్లో పెట్టిన బొమ్మకు బదులు మనిషి ఉంటే బతకడం కష్టం. మాలిబులోని మనిషికి మహా అయితే కాలికి చిన్న గాయమయ్యేది. ఆ బెల్ ఎయిర్ మన ఫోర్డుకన్నా 29 ఏళ్లు చిన్నది.

ఇక ఈ ఫోర్డులో పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో మెసేజు రాసినవారు ఎప్పుడైనా చూశారా? వెనక డిక్కీ కింద లేదు. ముందు అద్దానికి కిందుగా, డ్యాష్‌బోర్డు ఉండే చోట, డ్రైవరు మోకాళ్లకు ఎదురుగా ఉంది. పంపు అవసరం లేకుండా పెట్రోలు దానంతటదే, దాన్ని గాలితో కలిపి ఇంజినుకిచ్చే కార్బురేటర్‌లోకి దిగాలని చేసిన ఏర్పాటు అది. 40 హార్సుపవరు బండికి, ఆనాటి ఖాళీ రోడ్లకు తెలివైన ఏర్పాటే. ఆ ట్యాంకుకు వెనకే, సీటు బెల్టు లేకుండా కూర్చుంటారు, ఎందుకంటే మూడు చోట్ల బిగించే బెల్టును వోల్వో తెచ్చింది 1959లో. స్టీరింగు కడ్డీ దెబ్బకు కుంచించుకుపోయే రకం కాదు, నేరుగా గుండెకు గురిపెట్టి ఉంటుంది. పైకప్పు మధ్యలో చెక్క పట్టీలు, వాటి మీద గుడ్డ. మీ ఇనుప కోట నెత్తిన ఉన్నది గుడ్డ, బాబూ. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి "ఇది ట్యాంకులాంటిది" అని చెప్పేవారు ఈ ఒక్క పేరా అయినా చదవాలి.

సింహాచలం కొండ ఎక్కేస్తుందట. ఎక్కుతుంది, 150 హార్సుపవరుతో ఏదైనా ఎక్కుతుంది. దిగడం గురించి ఒక్క ముక్క లేదేం? మోడల్ 'ఎ' బ్రేకులు ఇనుప రాడ్లతో లాగేవి. ఫోర్డు కార్లకు ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు 1939 మోడళ్లలోగాని రాలేదు. అసలు ఇంజినుతో ఈ కారు గంటకు 100 కిలోమీటర్లు అందుకుంటే గొప్ప, బ్రేకులు కూడా ఆ లెక్కకే చేశారు. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది, ఇది బడిలో చెప్పే భౌతికశాస్త్రం. ఆ బ్రేకు డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేసేది కొండ మలుపులోనే. సరే, మంచి మెకానిక్కు దొరికాడు, బ్రేకులు, ముందు ఇరుసు, వెనక ఇరుసు, స్టీరింగు పెట్టె, చక్రాలు అన్నీ మార్చి, కొత్త ఇంజిను బరువుకు ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, అడ్డ దూలాలు వెల్డింగు చేశాడు, ట్యాంకు వెనక్కి జరిపాడు అనుకుందాం. అప్పుడు బండి భద్రంగానే ఉంటుంది. అందులో ఫోర్డు ఎంత మిగిలింది? బానెట్టు, నాలుగు మడ్‌గార్డులు, మీరు పంపిన ఫొటో.

నంబరు ప్లేటు మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక ఏర్పాటు చేర్చారు. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజినులో గాని మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు. ఆ ప్లేటు ఉన్న బండిని రోజువారీ అవసరాలకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. అంటే మెసేజు చేయమన్న మొదటి పని, వస్తుందన్న ప్లేటును రానివ్వదు. మామూలు ఆర్సీతోనే తిప్పుతానంటారా? తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే ఖరారు చేసింది. చెప్పకుండా ఇంజిను మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో ఏమని వాదిస్తారో ఆలోచించుకోండి. "ఎవరూ అడగరు" అట! మద్దిలపాలెం కూడలిలో ఆగిన ప్రతిసారీ పదిమంది చుట్టూ చేరి ఫొటోలు తీసే బండిని ఎవరూ అడగరా?

ధర పదింతలన్నది అమ్మేవాడి మాట. కొనేవాడు అసలు ఇంజినే ఉందా అని దాని నంబరు చూస్తాడు.

ఏసీ గురించి నాకు పెద్ద పేచీ లేదు. 1940 నాటికే అమెరికా కంపెనీ ప్యాకార్డ్ తన కార్లకు ఏసీ అమ్మింది. దాన్ని ఆపాలంటే బండి దిగి, బానెట్టు ఎత్తి, బెల్టు విప్పాలి. ఫోర్డుకైతే ఆరు వోల్టుల కరెంటును పన్నెండుకు మార్చి, తలుపుల సందులన్నీ మూయించుకోవాలి. లేకపోతే మే నెల ఉక్కపోతలో చల్లబడేది మీరు కాదు, బీచ్ రోడ్డు.

ఇంత తిట్టాక, మెసేజులో ఆఖరి వాక్యాన్ని మాత్రం సమర్థిస్తాను. ఒరిజినల్ పేరుతో ఊదరగొట్టేవాళ్ల మాట నిజంగానే అంతగా వినక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్ రాయిస్ అమ్మింది ఇంజిను బిగించిన ఛాసిస్‌ను. బాడీని బార్కర్, హూపర్ లాంటి వేరే కంపెనీలు కట్టేవి, మోజు తీరాక మహారాజులు దాన్ని మార్పించుకునేవారు. మన దేశంలో విడిభాగాలు దొరకని దశాబ్దాల్లో ఎన్నో అమెరికన్ కార్లు డీజిలు ఇంజిను పెట్టించుకుని టాక్సీలుగా బతికాయి. అప్పటి మిస్త్రీలు అలా అతుకులు వేయకపోతే అవి ఏనాడో తుక్కుకు పోయేవి. షెడ్డులో గుడ్డ కప్పుకుని తుప్పుపట్టే ఒరిజినల్ కన్నా, నెలకోసారి భీమిలి దాకా వెళ్లొచ్చే అతుకుల బండే నాకు ఇష్టం.

కాబట్టి చేయించాలనుకుంటే ఇంజిను, ఛాసిస్ జోలికి పోకుండా బ్రేకులతో మొదలుపెట్టండి. తరవాత సీటు బెల్టులు, ఇండికేటర్లు, వెనక వెలుగు బాగా ఇచ్చే దీపాలు. పని మొదలుకాక ముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. తీసిన రాడ్లు, డ్రమ్ములు, డైనమో తూకానికి వేయకండి. గ్రీజు పట్టించి, గుడ్డ చుట్టి, సముద్రపు గాలి తగలని గదిలో పెట్టండి. రేపు ఆ బండి కొనడానికి వచ్చేవాడు ముందు అడిగేది వాటినే.